మూర్ఖుల్ని ఏరివేసే ముసుగు

ఫాంటమ్ కథలు చదివినవాళ్లకు ముసుగు వారసత్వం కొత్తేమీ కాదు. 1936లో లీ ఫాక్ మొదలుపెట్టిన ఆ కథలో తండ్రి పోతే కొడుకు ప్రమాణం చేసి అదే ముసుగు తొడుక్కుంటాడు. మనం చూసేది ఇరవై ఒకటో తరం వాణ్ణి. అక్కడ రక్తసంబంధం ఉంది, వంశ మర్యాద ఉంది. ఆ రెండూ లేని వారసత్వం ఒకటి మార్వెల్ కామిక్స్‌లో ఉంది. దాన్ని మొదలుపెట్టినవాడు స్టీవ్ గర్బర్. హొవార్డ్ అనే బాతును సృష్టించిన తుంటరి రచయిత ఈయనే. ఈ ముసుగు పేరు ఫూల్‌కిల్లర్. ఎవరు మూర్ఖులో తనే తేల్చి, వాళ్లను తుపాకీతో బూడిద చేసేవాడన్నమాట.

మొదటివాడు రాస్ ఎవర్‌బెస్ట్. 1974లో 'మాన్-థింగ్' మూడో సంచికలో వచ్చి నాలుగో సంచికలోనే చచ్చిపోయాడు. బొమ్మలు వాల్ మేయెరిక్‌వి. చిన్నప్పుడు నడవలేని ఈ కుర్రాణ్ణి మైక్ పైక్ అనే మతబోధకుడు ప్రార్థనతో లేపి నిలబెడతాడు. ఆ గురువే విందువిలాసాల్లో తేలుతుండగా ఓ రోజు కంటపడేసరికి శిష్యుడు చంపేస్తాడు. శవాన్ని మాత్రం వదలడు. గాజు తొట్టెలో, మందునీళ్లలో భద్రంగా దాచుకుంటాడు. చివరికి ఆ తొట్టె పగిలి, దాని గాజుపెంకు గుచ్చుకునే అతని ప్రాణం పోతుంది. రెండే సంచికల్లో ఒక జీవితాన్ని ఎత్తి, దాని భక్తితోనే దాన్ని పొడిచేయడం మామూలు పనితనం కాదు. వాడు చంపదలచిన ముగ్గురిలో ఒకడు చిత్తడినేలను చెడగొట్టే వ్యాపారి ఎఫ్. ఎ. షిస్ట్. ఆ పేరు గబగబా పలికి చూడండి, గర్బర్ కొంటెతనం వినబడుతుంది. ఇంకొకడు రిచర్డ్ రోరీ, రేడియోలో పాటలు వేసే అమాయకుడు.

వారసత్వంలోని అసలు మలుపు ఈ రోరీతోనే వస్తుంది. తర్వాత అతను జైలుపాలై, తనను చంపబోయిన పిచ్చివాడి కథను అదే గదిలో ఉన్న గ్రెగ్ సాలింజర్ అనే ఖైదీకి చెబుతాడు. పొద్దుపోక చెప్పిన కథే! విన్నవాడు బయటికొచ్చి ఆ టోపీ, ఆ కేప్, ఆ తుపాకీ తనవి చేసుకుంటాడు. 1977లో 'ఒమెగా ది అన్‌నోన్'లో రంగంలోకి దిగుతాడు. మొదటివాడికి పాపులు మూర్ఖులైతే, వీడికి మనసులో కవిత్వం లేనివాళ్లు మూర్ఖులు. ఆలోచన బాగుంది గానీ, సాలింజర్ చాలా ఏళ్లు వేరే కథల్లో అతిథిగానే గడిపాడు, 1982లో స్పైడర్‌మాన్‌తో తలపడ్డం సహా. అక్కడ అతను మామూలు పిచ్చి విలన్‌లాగే కనిపిస్తాడు.

గర్బర్ ఈ బాకీ తీర్చింది 1990లో మొదలైన పది సంచికల సిరీస్‌లో. పెన్సిల్ జె. జె. బర్చ్‌ది, మొదట్లో ఇంకు టోనీ డిజూనిగాది. కథానాయకుడు కర్ట్ గెర్‌హార్ట్ ఒక బ్యాంకు ఉద్యోగి. తండ్రిని దుండగులు కొట్టి చంపేస్తారు, ఉద్యోగం పోతుంది, కాపురం కూలుతుంది, బర్గర్లమ్మే దుకాణంలో పని చేసుకోవాల్సి వస్తుంది. అలాంటి రోజుల్లో పిచ్చాసుపత్రిలో ఉన్న సాలింజర్‌ని టీవీలో చూస్తాడు. ఇద్దరి మధ్యా మాటలు కంప్యూటర్ బులెటిన్ బోర్డు మీద నడుస్తాయి. 1990లో ఇది రాయడం చూస్తే ఇవాళ ఒళ్లు జలదరిస్తుంది. మొదటివాడి పిచ్చి మతబోధకుడి ప్రార్థనలో పుట్టింది, రెండోవాడిది జైలు కబురులో, మూడోవాడిది తెర మీద. ఏ కాలపు సాధనం ఆ కాలపు వారసుణ్ణి తయారుచేస్తుంది.

గర్బర్ ఇక్కడ తొందరపడి ముసుగు తొడిగించడు. ముందు ఆ మనిషి నష్టాలన్నీ ఒక్కొక్కటిగా మన ముందు పెడతాడు, మనం జాలిపడేదాకా ఆగుతాడు. మొదట పడేది నేరగాళ్లు, కాబట్టి మనకూ అభ్యంతరం ఉండదు. ఆ తర్వాత మూర్ఖుల జాబితా మెల్లగా పొడుగవుతూ పోతుంది, ఏ పేజీలో గీత దాటామో పట్టుకోవడం కష్టం. గుండెలు బాదుకునే సంభాషణలు అక్కడక్కడా ఎక్కువయ్యాయి, కాదనను. ముగింపులో గెర్‌హార్ట్ పట్టుబడకుండా తన ముఖాన్నే యాసిడ్‌తో పాడుచేసుకుంటాడు. ముసుగు కథకు ఇంతకంటే కఠినమైన ముగింపు నేను చదవలేదు.

గర్బర్ 2008లో పోయాడు. 2007లో గ్రెగ్ హర్విట్జ్ నాలుగోవాణ్ణి తెచ్చాడు, 2016లో మాక్స్ బెమిస్ సాలింజర్‌నే మానసిక వైద్యుణ్ణి చేశాడు. అవి తర్వాత చూసుకోవచ్చు. ముందు ఆ పది సంచికలు వరసగా చదవండి, హంతకుడి మాటకు మీ తల ఎక్కడిదాకా ఊగిందో గుర్తుపెట్టుకోండి.