తలుపుల్లేని తోరణమా, ఓరుగల్లూ!

ఓరుగల్లూ, కాకతమ్మ ముద్దుబిడ్డా, ఏకశిలానగరీ, వస్తున్నాం! ఇంటికి తాళం వేసి కాదు, ఇంటినే ఇరుసు మీదికి ఎక్కించుకుని వస్తున్నాం. డీసీఎం బండి అడుగున వరిగడ్డి, గడ్డి మీద నీ కొత్తవాడ మగ్గాలపై నేసిన జంపఖానా, కడ్డీలకు బిగించి కట్టిన పరదా, ఒక మూల బియ్యం సంచి, ఒక మూల గ్యాసు పొయ్యి, నానమ్మ ఒడిలో సకినాల డబ్బా, ఆ డబ్బా మీద పిల్లల కళ్లు. మా తాతలు కచ్చురాలు కట్టుకుని, ఎడ్ల మెడగంటలు ఘల్లుఘల్లుమంటుంటే వెన్నెల్లో నీ బాట పట్టారు. ఎడ్లు పోయి ఇంజను వచ్చింది, ముల్లుగర్ర పోయి హారను వచ్చింది. నిన్ను చూడాలన్న ఆత్రం మాత్రం ఆనాటిదే, అరగనిదే.

నిన్ను చేరడానికి మా వాళ్లకు మూడు బాటలు. జనగామ బాట ఇత్తడి మోత బాట. పెంబర్తిలో రేకు మీద సుత్తి పడే టకటకలతో మొదలై, రఘునాథపల్లి దాటి, స్టేషన్ ఘనపూర్ దాటి, కాజీపేట రైలు కూతలో కలిసిపోతుంది. ఆ బాటకు కుడిచేతి దిక్కున పోతన్న బమ్మెర, సోమన్న పాలకుర్తి. ఆ గాలి సోకినందుకేమో, అటునుంచి వచ్చే మా చిన్నాయన ఉప్పు అడిగినా పద్యం ఎత్తుకున్నట్టే ఉంటుంది. మానుకోట బాట మిరప ఘాటు బాట. కురవి వీరన్నకు దండం పెట్టి, కేసముద్రం, నెక్కొండల మీదుగా, ఆరబోసిన ఎర్రెర్రని కల్లాలను కళ్లనిండా నింపుకుని మేనత్త వస్తుంది. ఆమె కంటే ముందు ఆమె తుమ్ము దిగుతుంది.

భూపాలపల్లి బాట వేరు. అది బొగ్గు బాట, అడవి బాట, ఆగి ఆగి వచ్చే బాట. సింగరేణి బాయిలో రాత్రి షిఫ్టు దిగి, కనురెప్పల అంచున కాటుకలా మిగిలిన నలుపుతోనే బాబాయి బండెక్కుతాడు. గణపురం కోటగుళ్ల ముందు ఆగకుండా ఏ బండి పోగలదు? అక్కడ ఒరిగిన స్తంభం ఒకటి, విరిగిన దూలం ఒకటి, ఒరగక విరగక గర్భగుడిలో గణపేశ్వరుడు ఒకడు. రాత్రంతా భూమి పొరల్లో చీకటిని తవ్వే మనిషి, ఆ నల్లరాతి మదనిక నడుము వంపు ముందు చెప్పులు విడిచి నిలబడిపోతాడు. రాయిని పగలగొట్టడం తెలిసినవాడికే రాయిని బతికించడం ఎంత కష్టమో తెలుస్తుంది. పక్కనే గణపసముద్రం, గణపతిదేవుని పేరు నీటిలో మోస్తూ, ఇవాళ్టికీ పొలాలకు పారుతూ. అతనివి ఎన్ని యుద్ధాలో పంతులుగారు బడిలో చెప్పుకోనీ, చెరువు తవ్వించిన చెయ్యే నాకు రాజుగారి చెయ్యి! అటు అడవి అంచున పాలంపేట, 1213 నాటి రామప్ప. 2021లో ప్రపంచం వారసత్వమని తలవంచిన ఆ గుడికి తిరుగు ప్రయాణంలో వస్తామని మాటిచ్చి ముందుకు కదిలాం.

హనుమకొండలో మూడు బండ్లూ కలిశాయి. కలిసిన చోటు వెయ్యిస్తంభాల గుడి, 1163లో రుద్రదేవుడు శివుడికీ కేశవుడికీ సూర్యుడికీ ఒకే కప్పు కింద కట్టిన ఉమ్మడి కాపురం! నక్షత్రమై పరుచుకున్న పీఠమా, నీడలకు నాట్యం నేర్పే స్తంభాల తోపూ, మెడలో మువ్వల పట్టెడతో మెరిసే నల్లని నందీ! మా చిన్నది నంది మూపురం మీద అరచెయ్యి ఆనించి, తీసి, మళ్లీ ఆనించింది. రాయి చల్లగా ఉందట, నున్నగా ఉందట, అమ్మమ్మ చెంపలా ఉందట. ఇంతకంటే బాగా నేను చెప్పలేను. ఎదుటి కల్యాణ మండపాన్ని రాయి వెంట రాయిగా విప్పి, ఏళ్లకేళ్లు ఓర్పుగా మళ్లీ పేర్చి, 2024లో తలుపు తీశారు. అవునే ఓరుగల్లూ, విప్పుకోవడం, సర్దుకోవడం, మళ్లీ కట్టుకోవడం నీకూ తెలుసు కదా!

ఆపైన కోట. మట్టికోట దాటాం, కందకం దాటాం, రాతికోట వంపుల్లో బండి మూలిగింది. అదిగో, నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలు! జంట స్తంభాల మీద అడ్డదూలం, దూలం కింద కిందికి వేలాడే తామరమొగ్గలు, ఎన్నడూ విచ్చుకోనివి, ఎన్నడూ వాడనివి. పైన హంసలు, ఎగరబోతున్నట్టూ ఎగరడం మానుకున్నట్టూ. రాష్ట్ర ముద్రలో రోజూ చూసే బొమ్మే, అయినా ఎదురుగా నిలబడితే కాగితం సిగ్గుపడుతుంది. తోరణాల నడుమ ఉండాల్సిన స్వయంభూదేవుని గుడి లేదు. గోడ లేదు, గడప లేదు, గడియ లేదు. 1323లో ఢిల్లీ సేనలు వచ్చాయి. నీ ఆఖరి ప్రతాపరుద్రుడు బందీగా ఉత్తరాదికి కదిలి, ఢిల్లీ చూడకుండానే నర్మద ఒడ్డున రాలిపోయాడు. రుద్రమ గుర్రపు డెక్కల ధూళి ఎప్పుడో నేల కలిసింది. అయినా నువ్వు వాకిలి మూయలేదు! ఇల్లు పోయినా గుమ్మం నిలుపుకున్న తల్లీ, పునాది లేని ఇంటితో వచ్చిన మమ్మల్ని నీ గుమ్మంలోంచి ఎంత చనువుగా రానిచ్చావే! ఎటునుంచి వచ్చావని అడగలేదు. తూర్పు తోరణం మానుకోట మిరపను రానిచ్చింది, ఉత్తర తోరణం భూపాలపల్లి బొగ్గును రానిచ్చింది, పడమటి తోరణం జనగామ ఇత్తడిని రానిచ్చింది. పిల్లలైతే ఒకదాంట్లోంచి దూరి ఇంకొకదాంట్లోంచి తేలుతూ నాలుగు దిక్కులనూ ఒక్క ఆటగా కలిపేశారు.

రాత్రి బండి పక్కన పొయ్యి వెలిగింది. సర్వపిండికి వేళ్లతో చిల్లులు పెడుతూ నానమ్మ, ఆ చిల్లుల్లో నూనె చుక్కలు వేస్తూ మేనత్త, పచ్చిపులుసు కలుపుతూ చిన్నాయన రాగం. మిరప మానుకోటది, గంజు పెంబర్తిది, ఆకలి మాత్రం అందరిదీ. కోటలోని ఖుష్‌మహల్ మీది చుక్కలు మా పరదా చిరుగులోంచి కూడా కనిపించాయి, అంతే దగ్గరగా, అంతే ఉదారంగా.

తెల్లారింది, లే ఓరుగల్లూ! నానమ్మకు భద్రకాళి దర్శనం తొందర, మేనత్తకు జంపఖానాల బేరం తొందర, పిల్లలకు ఏకశిల గుట్ట ఎక్కే తొందర. చౌరస్తాలో ఆటోలు అడ్డం, మిర్చి బస్తాల లారీలు అడ్డం, పూలబండ్లు అడ్డం. బాబాయి హారను మీద నుంచి చెయ్యి తియ్యడం లేదు. కొంచెం జరుగమ్మా, మా ఇల్లు వస్తోంది, జాగ ఇయ్యి!