బాషో యాత్రాగ్రంథమున ఇచిబురి ఘట్టము

యాత్రాచరిత్రములను పరిశీలించువారు మొట్టమొదట నడుగు ప్రశ్న 'ఇది జరిగినదా?' యనునది. మన పరిశోధకుల కీ యలవాటు మఱింత దృఢము. ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రచరిత్రమును మనము మజిలీల పట్టికగాను, 1830-31 సంవత్సరముల దేశస్థితికి సాక్ష్యముగాను చదువుదుము. ఆ గ్రంథమున కది తగియే యున్నది. కాని యీ ప్రశ్న యెంతవఱకు పనికివచ్చునో తెలిసికొనుటకు జపానుదేశపు యాత్రాగ్రంథ మొకటి, అందును ఒక్కదినపు వృత్తాంతము, చక్కని యుదాహరణము.

మత్సువో బాషో (1644-1694) యను కవి 1689వ సంవత్సరమున కవాయి సోరా యను శిష్యుని వెంటఁబెట్టుకొని యెదో నగరమునుండి వెడలి, ఉత్తరప్రాంతములఁ దిరిగి, జపాను సముద్రతీరము వెంట నైరృతిదిక్కునకు మరలెను. ఆ యాత్రను వచనమును హైకూలును గలిపి 'ఓకు నో హోసోమిచి' యను చిన్నగ్రంథముగా రచించెను. అది యచ్చుపడినది 1702లో, కవి మరణానంతరము.

తీరమువెంటి ప్రయాణము కష్టమైనది. ఎండయు తేమయుఁ దన్ను గలఁచినవనియు, జబ్బుచేసి యేమియు వ్రాయలేదనియుఁ జెప్పి, ఆ దారిలోని దినములను బాషో రెండుమాటలతో దాఁటివేయును. పిమ్మట ఆగష్టు 26వ తేదినాఁటి నడక వచ్చును. అచ్చట పర్వతములు సముద్రములోనికి నిట్టనిలువుగా దిగును. కొండకును కెరటమునకును నడుమనున్న యిసుకపట్టెయే దారి. కెరటము వెనుదీసినంతసేపు పరుగెత్తి, మరల వచ్చులోపల రాతిసందున నొదుగవలయును. తల్లిదండ్రులు బిడ్డలను, బిడ్డలు తల్లిదండ్రులను మరలి చూచుకొనుటకుఁ దీఱిక లేని చోటగుటచే 'తల్లిదండ్రుల నెఱుఁగనిది', 'బిడ్డ నెఱుఁగనిది' యని యా తావులకుఁ బేళ్లు. 'కుక్క మరలినది', 'గుఱ్ఱమును మరలించినది' యని మఱి రెండు గలవు. కొండను దొలిచి పైన బాట వేసినది 1883లో. అంతవఱకు బాటసారులకు సాధారణముగా నిదియే త్రోవ.

బాషో యీ కష్టమును వర్ణింపఁడు. నాలుగు పేళ్లను వరుసగాఁ జెప్పి, అలసి పెందలకడనే పండుకొంటినని మాత్రము వ్రాసి, ఇచిబురి సత్రములోనికి మనలఁ గొనిపోవును. మన పురాణములలోని తీర్థయాత్రాఘట్టములను దలంచుకొన్న నీ భేదము తెలియును. వానిలో తీర్థనామము లుండును, ఫలశ్రుతి యుండును, కాలినొప్పి యరుదు.

ప్రక్కగదిలో నిద్దఱు యువతుల గొంతులు వినవచ్చినవి. నడుమ నొక వృద్ధుని గొంతు. వారు నీగాత పట్టణపు వేశ్యలు, ఈసె దేవాలయమునకుఁ బోవుచున్నారు. అంతవఱకు సాగనంపవచ్చిన ముదుసలి మఱునాఁడు మరలిపోవును. అతనిచేత నింటికి జాబులు పంపుకొనుచున్నారు. తమ బ్రతుకును దలపోసికొనుచున్న యా మాటలను వినుచు కవి నిద్రించెను. తెల్లవాఱినపిమ్మట వారు కంటఁ దడిపెట్టుకొని, దారి తెలియని తమ్ము దూరమునుండియైన వెంబడింపనిమ్మని బ్రతిమాలిరి. తాము పెక్కుచోట్ల నిలుచువారమనియు, దారింబోవు నితరులతోఁ గూడి పొండనియు, దేవుఁడే కాపాడుననియుఁ జెప్పి కవి కదలిపోయెను. జాలి మాత్రము చాలసేపు విడువలేదట. ఆ సందర్భమున నొక హైకూ చెప్పితిననియు, సోరా దానిని వ్రాసికొనెననియు గ్రంథము పలుకుచున్నది.

చిక్కిక్కడనే. సోరా దినచర్య 1943లో నచ్చయినది. అందు ఆ వేశ్యలు లేరు, ఆ హైకూయు లేదు. ఉన్నది వేఱు: హయకవ యేటివద్ద గురువుగారి కాలు తొట్రుపడి బట్టలు తడిసినవి, ఏటియొడ్డునఁ గొంతసేపు ఆఱవేసిరి, మధ్యాహ్నమునకు ఇతోయిగావా, సాయంకాలము సుమారు 4 గంటలకు ఇచిబురి. అంతియే. కవి వ్రాసినదానిలో ఏటిముచ్చట లేదు. శిష్యుఁడు వ్రాసినదానిలో సత్రపుముచ్చట లేదు.

ఈ ఘట్టము కల్పితమని పలువురు విమర్శకుల తీర్పు. గొలుసుపద్యములలో శృంగారమునకు నియతస్థాన మున్నట్లే యీ గ్రంథమునను దానికొక చోటు కావలసివచ్చినదని వారందురు. సైగ్యో (1118-1190) యను సన్న్యాసికవి యేగుచి గ్రామమున నొక వేశ్యను బస యడుగఁగా నామె నిరాకరించిన కథ జపానున సుప్రసిద్ధము, నోహ్ నాటకమునకును వస్తువైనది. దానినే బాషో తలక్రిందు చేసినాఁడని మఱికొందఱు. కవి స్వహస్తలిఖితమని పలువురొప్పుకొన్న ప్రతి యొకటి 1996లో బయలుపడినది. పెక్కుచోట్ల కాగితపుముక్క లంటించి దిద్దిన యా ప్రతిని జూచిన, ఇది దారిలో తోఁచినట్లు వ్రాసిన దినచర్య కాదని తేటపడును.

కల్పితమన్న తీర్పును నేను కాదనను; దానితో విచారణ ముగిసినదనుట నొప్పుకొనను. యాత్రికులు కల్పించుట క్రొత్తగాదు. సామాన్యముగా వారు తమ ధైర్యమును, తమ భక్తిని, తమకు జరిగిన మర్యాదలను బెంచి కల్పింతురు. ఈతఁడు కల్పించినది తన నిరాకరణమును. అదియుఁ బలుచని సాకుతో. ఆ యేఁట ఈసెలో 20 ఏండ్ల కొకసారి జరుగు నూతనాలయప్రవేశమహోత్సవము. గ్రంథాంతమున బాషో దానినే చూడఁబోవుచున్నాఁడు. దారి వేఱన్నవాని గమ్యమును, ఆ స్త్రీల గమ్యమును ఒక్కటే. ఈ సంగతిని కవి దాఁచలేదు, ఎత్తి చూపనులేదు. కడదాఁక చదివినవానికే కనఁబడునట్లు విడిచినాఁడు.

ఇఁక అలసట. ఆ యొక్కమాటను దీసివేసిన నిరాకరణము కాఠిన్యముగాఁ దోఁచును. ఉంచిన, దినమంతయు ప్రాణముల నఱచేతఁ బట్టుకొని నడచినవానికి మఱియిద్దఱి భారము నెత్తుకొను నోపిక లేకపోవుట మనకు నెఱుకపడును. ఆ నాలుగు పేళ్లును ఊరక చెప్పినవి కావు. వెనుదిరిగి చూడరాని త్రోవను నడచివచ్చినవాఁడు మఱునాఁటి యుదయమునను వెనుదిరుగలేదు. ఈ కూర్పు దినచర్యలో దొరకునది కాదు.

ఒక్క లోపము చెప్పవలసియున్నది. ఏటివద్ద తొట్రుపాటు కల్పన కాదు, శిష్యుఁడు కన్నులార చూచినది. దానిని విడుచుటకుఁ గారణము గౌరవరక్షణమే యని నా తలంపు. 45 ఏండ్లవాఁడు, శిష్యునిచే 'ముదుసలి' యని గౌరవముగాఁ బిలిపించుకొనువాఁడు, తడిబట్టలతో నొడ్డునఁ గూర్చున్నట్లు వ్రాసికొనలేకపోయెను. కాలు తొట్రుపడుట దాఁచి, మనసు తొట్రుపడుటను బయలుపఱచినాఁడు. మొదటిదియు నుండిన గ్రంథమునకు మేలే యగును.

ఇచిబురి దాఁటిన మూఁడువారములకు, యమనకవద్ద, సోరా కడుపునొప్పిచే గురువును విడిచి ఈసె మండలములోని బంధువులయొద్దకు ముందుగాఁ బోయెను. కొంతదూరము వేఱొక శిష్యుఁడు వెంటనున్నను బాషోకు వెలితి తీఱలేదు. యాత్రికులు తమ టోపీపై 'ఇరువురము కలిసి నడచువారము' అని వ్రాసికొనుట ఆ దేశపు టాచారము. ఆ యక్షరములను మంచుచే తుడిచివేయుదునని యాతఁడప్పుడు చెప్పిన హైకూను ఇచిబురి ఘట్టముతోఁ జేర్చి చదివిన వ్యాఖ్యానము నాకుఁ గానరాలేదు, చేర్చి చదువవలయును.