ఒకే మడి, రెండు పంటలు

ఉత్తరాంధ్రలో పరుగుకీ ఉద్యోగానికీ దగ్గరి చుట్టరికం. తెల్లారకముందే రోడ్డెక్కే కుర్రాళ్లలో ఎక్కువమంది సెలక్షన్ కోసమే పరిగెడతారు. ఆర్మీ ర్యాలీలో 1.6 కిలోమీటర్లను 5 నిమిషాల 30 సెకన్ల లోపు ముగిస్తే మొదటి గ్రూపు మార్కులు పడతాయి. రాష్ట్ర కానిస్టేబుల్ పరీక్షలో మగవాళ్లు 1600 మీటర్లను 8 నిమిషాల్లో పూర్తిచేయాలి. ఉద్యోగం వచ్చినా రాకపోయినా కొందరిని ఆ అలవాటు వదలదు. ఏడాది చివర్లో విశాఖ బీచ్ రోడ్డు మీద జరిగే నేవీ మారథాన్‌లో 10 కిలోమీటర్లకో, 21 కిలోమీటర్లకో పేరిచ్చేవాళ్లలో ఇలాంటివాళ్లూ ఉంటారు.

కరాటే వేరే దారిన వచ్చింది. 1980లలో సుమన్, భానుచందర్ తెలుగు తెర మీద కాలు విసిరాక, చిన్న పట్టణాల కుర్రాళ్లకు కూడా తెల్ల డ్రెస్సు మీద, నల్ల బెల్టు మీద మోజు పుట్టింది. ఇప్పుడది బడిపిల్లల సాయంత్రం క్లాసు, సెలవుల్లో సమ్మర్ క్యాంపు, ఆర్నెల్లకో బెల్టు టెస్టు.

సంతబొమ్మాళి మండలం భావనపాడు లాంటి తీర గ్రామంలో ఉండే యువకుడికి పరుగు ఖర్చులేని పని. ఇంటి గడప దిగితే ఇసుక, ఆ పక్కనే రోడ్డు. కరాటేకి మాత్రం మాస్టారు కావాలి, నున్నటి గచ్చు కావాలి, అవసరమైతే టెక్కలి దాకా బస్సెక్కాలి. చదువో, వేటో, మూలపేట పోర్టు దగ్గర పనో చూసుకుని మిగిలిన గంటల్లో ఈ రెండూ నడపాలంటే ఎలా? రెండు పడవల మీద కాళ్లు పెట్టకూడదని పెద్దలు అననే అంటారు. కానీ సరిగ్గా అమర్చుకుంటే ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు రావు. అమరికంతా దేన్ని ఎప్పుడు ముందు పెట్టాలో తెలుసుకోవడంలోనే ఉంది.

ముందు కరాటే ఒంటిని ఏమడుగుతుందో చూద్దాం. సాధనలో మూడు పాయలున్నాయి. విడి దెబ్బల, అడుగుల అభ్యాసం కిహోన్. వాటిని వరస తప్పకుండా కూర్చిన ఒంటరి సాధన కటా. ఎదురుగా మనిషి నిలబడితే కుమితే. మూడింటికీ ఆధారం నిలబడే తీరు. ‘జెన్‌కుత్సు దాచి’లో ముందు మోకాలు పాదం మీదికి వంగుతుంది, వెనక కాలు చాపి ఉంటుంది, బరువు ముందు కాలి మీద కాస్త ఎక్కువగా ఉంటుంది. పాదాల మధ్య భుజాలంత ఎడం లేకపోతే పక్కనుంచి చిన్న తోపుకే మనిషి పడిపోతాడు.

అక్కడినుంచి ముందు తన్ను, అంటే ‘మయే గెరి’. మోకాలు మొదట ఛాతీ వైపు లేస్తుంది, మడమ తొడ వెనక్కి చేరుతుంది. అప్పుడే పిక్క విచ్చుకుంటుంది. వేళ్లు వెనక్కి విరుచుకుని, వేళ్ల మొదట్లో ఉండే మెత్తటి దిమ్మె తగులుతుంది. నిలబడిన కాలి మడమ నేల వదలదు. పోయిన వేగం కంటే ఎక్కువ వేగంతో కాలు వెనక్కి మడుచుకోవాలి, లేకపోతే ఎదుటివాడు దాన్ని పట్టేసుకుంటాడు. కొత్తవాళ్లు కాలితో తన్నుతారు, తెలిసినవాళ్లు నడుముతో తన్నుతారు. పంచ్‌లోనూ అంతే. ఒక చెయ్యి ముందుకు పోతుంటే రెండో చెయ్యి తుంటి దగ్గరికి లాగుకొస్తుంది. ఆ లాగుడే నడుమును తిప్పుతుంది.

ఈ విద్యను ఒకినావా దీవి నుంచి 1922లో టోక్యోకి తీసుకెళ్లి ప్రదర్శించిన గిచిన్ ఫునకోషి (1868-1957) బడిపంతులు. పగలు పాఠాలు చెప్పి, రాత్రి దీపం పట్టుకుని ‘అజాతో’ అనే గురువు ఇంటికి నడిచి వెళ్లేవాడు. ఆ పెరట్లో ఒకే కటాను గురువు చాలన్నదాకా రాత్రుల తరబడి చేసేవాడు. మూడు తెక్కీ కటాలు నేర్చుకోవడానికి తనకు పదేళ్లు పట్టిందని ఆయనే రాసుకున్నాడు. ఉద్యోగం చేసుకుంటూ సాధన చేసేవాడికి ఇంతకంటే మంచి పెద్దదిక్కు దొరకడు.

పరుగు ఆడంబరం లేని విద్య. గుండె ఒక్కో కొట్టుకి ఎక్కువ రక్తం పంపడం, కండరాల్లో సన్నటి రక్తనాళాలు పెరగడం, కొవ్వును ఇంధనంగా వాడుకోవడం, ఇవన్నీ నెమ్మదిగా, గంటల తరబడి పరిగెడితేనే వస్తాయి. పెద్ద పోటీల్లో పాల్గొనే ఓర్పు క్రీడాకారుల సాధనను పరిశీలించిన వ్యాయామ పరిశోధకుడు స్టీఫెన్ సైలర్, వాళ్లు పదింట ఎనిమిది సెషన్లు తేలిక వేగంలోనే చేస్తున్నారని చూపించాడు. పక్కవాడితో మాట్లాడుతూ పరిగెత్తగలిగితే అది తేలిక వేగం. మాట తెగుతుంటే వేగం తగ్గించుకోవాలి. సెలక్షన్ల కోసం రోజూ 1600 మీటర్లను ఊపిరి బిగబట్టి పరిగెత్తే అలవాటున్న మన కుర్రాళ్లకు కష్టంగా తోచే పాఠం ఇదే.

కరాటే ఫైట్ చూస్తే అంతా మెరుపు వేగమే అనిపిస్తుంది. అంతర్జాతీయ పోటీల్లో ఒక్కో పోరు మూడు నిమిషాలు. అందులో దెబ్బలు మార్చుకునేది ఒక్కోసారి కొన్ని సెకన్లే. మిగతా కాలమంతా అడుగులు కదపడం, దూరం కొలుచుకోవడం. జర్మనీ పరిశోధకులు 2004లో ప్రచురించిన లెక్క ప్రకారం కుమితేలో ఖర్చయ్యే శక్తిలో మూడొంతులకు పైగా ఆక్సిజన్ వాడే పద్ధతిలోనే వస్తుంది. దెబ్బకు కావలసిన శక్తి కండరంలో నిల్వ ఉంటుంది, ఆ నిల్వను మళ్లీ నింపేది ఊపిరి. మూడో నిమిషంలో కూడా మొదటి నిమిషంలాంటి తన్ను రావాలంటే తెల్లవారుజామున పరుగులో సంపాదించిన గుండె కావాలి. అటునుంచి చూస్తే, పరుగు మనిషిని ముందుకే నడిపిస్తుంది. పక్కకు జరగడం, తిరగడం, ఒంటికాలి మీద నిలవడం దానికి తెలియవు. తుంటి కండరాలను, చీలమండను గట్టిపరిచి ఆ లోటు పూడ్చేది కరాటే.

అయితే గొడవ కూడా ఉంది. అమెరికాలో రాబర్ట్ హిక్సన్ 1980లో ప్రచురించిన ప్రయోగం వ్యాయామ శాస్త్రంలో ఓ మైలురాయి. పది వారాల పాటు ఒక బృందానికి బలసాధన, ఒక బృందానికి ఓర్పుసాధన, మూడో బృందానికి రెండూ పూర్తి మోతాదులో ఇచ్చాడు. రెండూ చేసినవాళ్లకు ఊపిరి శక్తి బాగానే పెరిగింది. కానీ కాళ్ల బలం ఏడో వారం దాకా పెరిగి, అక్కడ ఆగి, చివరి రెండు వారాల్లో తగ్గింది. రెండింటినీ నిండుగా తోస్తే నష్టపోయేది బలమే అని దీనర్థం. దీనికి తోడు ఎక్కువ దూరాలు పరిగెత్తేవాళ్లకు తొడ ముందు భాగం, తుంటి బిగుసుకుంటాయి. తన్ను ఎత్తు తగ్గుతుంది. పొడవాటి పరుగు మర్నాడు ఫైట్‌కి దిగితే కాలు ఆలస్యంగా కదులుతుంది, అడ్డు పెట్టాల్సిన చెయ్యి దెబ్బ తగిలాక లేస్తుంది.

అందుకే వారాన్ని సర్దుకోవాలి. కష్టాన్ని రోజూ కాస్త కాస్త పంచకూడదు, ఒకేచోట పోగెయ్యాలి. వేగపు పరుగు, ఫైట్ ప్రాక్టీసు ఒకే రోజు పెట్టుకుని, పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి చేస్తే, మర్నాడు నిజంగా విశ్రాంతి దొరుకుతుంది. రెండూ ఒకే పూట చేయక తప్పకపోతే కరాటే ముందు, పరుగు తర్వాత. అలసిన కాలితో నేర్చుకున్న తన్ను తప్పుగానే నేర్చుకున్నట్టు. ఆదివారం పొడవాటి పరుగు అయితే సోమవారం నాడు 21 కదలికల ‘హేయాన్ షోదాన్’ లాంటి తేలిక కటాను బలం వాడకుండా, నిదానంగా చేసుకుంటే చాలు. బిగుసుకున్న తుంటి దానంతటదే వదులవుతుంది. క్లాసుకి ముందు కాళ్లు ఊపుతూ వార్మప్ చేయాలి, సాగదీసి పట్టుకునే వ్యాయామాలు క్లాసయ్యాక చేయాలి.

వారం కంటే ముఖ్యం ఏడాది. శ్రీకాకుళం రైతు వరి కోసిన మడిలోనే పెసలో మినుములో చల్లుతాడు. రెండూ ఒకేసారి వెయ్యడు. ఒళ్లు కూడా అలాంటి మడే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. బడులకు సెలవులు, ఎండ నిప్పులు చెరుగుతుంది, ఉక్కపోత సరేసరి. పొడవాటి పరుగులకు పనికిరాని ఆ కాలం కరాటేది. రోజూ క్లాసు, బెల్టు టెస్టుకి తయారీ, పరుగు వారానికి రెండుసార్లు పొద్దున్నే అరగంట. వానలు పడ్డాక పరుగు దూరం పెంచుకుంటూ పోయి, నవంబరు, డిసెంబరు పోటీల నాటికి దానికి పెద్దపీట వేయాలి. అప్పుడు కరాటే వారానికి రెండు క్లాసులకు తగ్గినా నష్టం లేదు. సంపాదించిన నైపుణ్యాన్ని నిలుపుకోవడానికి, దాన్ని సంపాదించడానికి పట్టినంత శ్రమ అక్కర్లేదు. సంక్రాంతి తర్వాత మళ్లీ కరాటే వైపు మళ్లాలి.

ఇక ఇసుక సంగతి. బెల్జియం శాస్త్రవేత్తలు 1998లో లెక్కగట్టారు: గట్టినేల కంటే ఇసుకలో పరుగుకి 1.6 రెట్ల శక్తి పడుతుంది, నడకకైతే రెండు రెట్లకు పైనే. పొడి ఇసుకలో మడమ దిగబడి పిక్క, మడమ వెనక స్నాయువు లాగుతాయి. అందుకే అక్కడ కొద్దిసేపే, అదీ తేలికగానే. ఆటు సమయంలో సముద్రం వెనక్కి పోయాక బయటపడే తడి ఇసుక గట్టిగా ఉంటుంది, పరుగుకి అదే మేలు. ఆటుపోట్ల వేళ రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. రేపు ఎప్పుడు ఒడ్డు దొరుకుతుందో వేటకి వెళ్లేవాళ్లని అడిగితే చెబుతారు. ఒడ్డు సముద్రం వైపు వాలి ఉంటుంది కాబట్టి వెళ్లినంత దూరమూ అదే ఒడ్డున తిరిగి రావాలి, లేకపోతే ఒకే తుంటి మీద భారం పడుతుంది. కరాటే అడుగులు ఇసుకలో వేస్తే కాళ్లకు బలమే. కానీ తిరిగే తన్నులు వద్దు, పాదం ఇరుక్కుని మోకాలు మెలిపడుతుంది.

ఈ ప్రాంతంలో అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సిన మాట కిడ్నీల గురించి. భావనపాడుకు ఉత్తరాన ఉద్దానం. దశాబ్దాలుగా అక్కడ కిడ్నీ జబ్బు కుటుంబాలను కూల్చేస్తోంది, కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఇలాంటి చోట, ఒంట్లో నీరు ఇంకిపోయేలా చెమటోడ్చి, దానిమీద మోకాలి నొప్పికి డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ లాంటి బిళ్లలు మింగడం చేతులారా తెచ్చుకునే ముప్పు. అవి కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. పరుగుకి ముందూ తర్వాతా బరువు చూసుకుంటే, తగ్గిన ప్రతి కిలోకి సుమారు లీటరు నీరు పోయినట్టు. ఉత్త నీళ్లే కడుపునిండా తాగడమూ మంచిది కాదు, చెమటతో పోయిన ఉప్పు కూడా తిరిగి రావాలి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్టో, ఉప్పు వేసిన మజ్జిగో, చోడి అంబలో చాలు. ఖరీదైన పొడులు అక్కర్లేదు. చేప, గుడ్డు, పప్పు ఉన్న భోజనం కండరానికి సరిపోతుంది.

ఇన్ని జాగ్రత్తలు పడి, పతకం రాని ఈ శ్రమ ఎందుకని అడగొచ్చు. వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామమూర్తి పేరు శ్రీకాకుళం స్టేడియానికి ఉంది. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. వాళ్లలాంటివాళ్లు తరానికి ఒకరిద్దరే వస్తారు. మిగతావాళ్లకు దక్కేది వేరు: నలభై దాటినా మెట్లెక్కితే ఆయాసపడని గుండె, కాలు జారితే పడకుండా ఆపుకోగల నడుము, దెబ్బ కొట్టడం తెలిసీ కొట్టకుండా ఉండగల నిబ్బరం. వీటికి సెలక్షన్ బోర్డులు మార్కులెయ్యవు, వయసు పరిమితి కూడా పెట్టవు.

కాబట్టి సెలక్షన్ పోయిందని బూట్లు అటకెక్కించకండి. ఆడపిల్లలనూ ఒడ్డుకీ, క్లాసుకీ పంపండి. ఈ కాలానికి ఏది ముందో తేల్చుకుని, రెండోదాన్ని చిన్నగానైనా సాగనివ్వండి. మోకాలు నొప్పి పుడితే బిళ్ల కోసం మందుల షాపుకి వెళ్లకుండా, వారం రోజులు విశ్రాంతి తీసుకోండి. అప్పటికీ తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లండి.