రేంజర్ జ్ఞాపకాల్లో మెకానిక్ ఎక్కడ?

1990ల నాటి హీరో రేంజర్ మీద వస్తున్న జ్ఞాపకాలు దాదాపు అన్నీ సొంత సైకిల్ ఉన్నవాళ్లు రాసుకున్నవే. లావు టైర్లు, తిన్నటి హ్యాండిల్, మౌంటెన్ బైక్ అన్న గొప్ప. (పాతబస్తీ గల్లీల్లో కొండెక్కడిది?) గంటకింతని అద్దెకి తెచ్చుకుని, టైమైపోతుందని ఆయాసపడుతూ తొక్కిన పిల్లలు వీటిల్లో లేరు. షాలిబండ వైపు తొట్టి నీళ్లలో ట్యూబు ముంచి, బుడగ లేచినచోట గీకి, సొల్యూషన్ పూసి ప్యాచ్ అంటించే మెకానిక్ అయితే ఒక్క వాక్యంలో వచ్చి పోతాడు. అదీ 'చాచా' అన్న ముద్దుపేరుతో.

డి సీకా తీసిన 'బైసికిల్ థీవ్స్' (1948)లో తాకట్టులోని సైకిల్ విడిపించడానికి భార్య ఇంట్లో దుప్పట్లు తీసుకెళ్లి ఇచ్చేస్తుంది. అక్కడ సైకిలంటే ఉద్యోగం. ఆ సంగతి సినిమా మనల్ని ఒక్క నిమిషం మర్చిపోనివ్వదు. మన రాతలు మర్చిపోయాయి. 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం రోజే, ఢిల్లీ పక్కన సాహిబాబాద్‌లో అట్లాస్ ఫ్యాక్టరీ ఆగిపోయింది. ఇక్కడ మాత్రం అది పాత బ్రాండుకి వీడ్కోలు, అంతే. గేటు బయట మిగిలిన కార్మికుల ఊసు తక్కువ.