అంచు మూల తిరిగే చోట

దుప్పటి అయినా, తివాచీ అయినా, నేను ముందు చూసేది మూలలు. తిన్నగా సాగే అంచు గీయడం పెద్ద పని కాదు. పువ్వు, ఆకు, మళ్లీ పువ్వు. కొలత కుదిరితే ఎంత దూరమైనా లాక్కుపోవచ్చు. తీగ మూలకు వచ్చినప్పుడే గీసినవాళ్ల సత్తా బయటపడుతుంది. అక్కడ తీగ పక్కకు తిరగాలి. తిరిగేటప్పుడు పువ్వు సగంలో తెగకూడదు, ఆకు తలకిందులు కాకూడదు, రెండు వైపులా నిండుదనం సమంగా ఉండాలి. కొందరు మూలలో ఒక చదరం పెట్టి తీగను అక్కడితో ఆపేస్తారు. కొందరు ఏటవాలుగా గీత గీసి, రెండు వైపుల తీగల్నీ ఆ గీత మీద ఎదురెదురుగా కలుపుతారు. నేర్పరి అయితే అంచంతటినీ ముందే లెక్కగట్టి, ప్రతి పువ్వునూ వెంట్రుకవాసి జరిపి, తీగ ఎక్కడా ఆగినట్టు తెలియకుండా మూల తిప్పేస్తాడు.

చీరల అంచులకు, కొంగులకు డిజైన్లు గీయడం నా వృత్తి. గ్రాఫ్ కాగితం మీద గళ్లు నింపడం మగ్గాల దగ్గర నేర్చుకున్నాను. కానీ నగిషీ అంటే ఏమిటో మ్యూజియాల్లో, పాత వస్తువుల ఎదుట పెన్సిలు పట్టుకుని కూర్చున్నప్పుడే ఒంటబట్టింది. పుస్తకంలో ఫొటో చాలాసార్లు మూలను కత్తిరించి నడిమి పువ్వునే చూపిస్తుంది. ఫోనులో అయితే ఆ పువ్వు కూడా ఏ వస్తువు మీదదో తెలియదు. నగిషీని వస్తువు నుంచి విడదీస్తే మనకు మిగిలేది బొమ్మ ఒక్కటే. ఆ బొమ్మ అలా ఎందుకుందో చెప్పగలిగేది వస్తువే.

యూరప్‌లో నగిషీ చరిత్రను మలుపు తిప్పినవాళ్లలో చాలామంది ఇలా పాత వస్తువుల ముందు కూర్చున్నవాళ్లే. ఓవెన్ జోన్స్ అనే ఇంగ్లిష్ ఆర్కిటెక్టు 1834లో, పాతికేళ్ల వయసులో, స్పెయిన్‌లోని గ్రనడాకు వెళ్లి అల్హంబ్రా గోడల్ని కొలిచి గీయడం మొదలుపెట్టాడు. తోడు వచ్చిన ఫ్రెంచి మిత్రుడు జూల్స్ గూరీ కలరా సోకి అక్కడే చనిపోయాడు. జోన్స్ 1837లో మళ్లీ వెళ్లి మిగిలిన పని చూసుకున్నాడు. ఆ గోడల రంగుల్ని ఉన్నవి ఉన్నట్టు అచ్చు వేయాలని పట్టుబట్టి రంగుల లితోగ్రఫీ నేర్చాడు. ఎంతో చిక్కగా కనిపించే ఆ అల్లికల అడుగున కొద్దిపాటి రేఖాగణితం, తప్పని ఒక క్రమం ఉన్నాయని గీయగా గీయగా అతనికి తెలిసివచ్చింది.

1851లో లండన్ హైడ్ పార్కులో ఒక పెద్ద గాజు మందిరంలో మహా ప్రదర్శన జరిగింది. ఆ గాజు మందిరం లోపలి ఇనుప కట్టడానికి ఎరుపు, పసుపు, నీలం రంగులు నిర్ణయించింది జోన్సే. ఇంగ్లండ్ యంత్రాలు నేసిన తివాచీల మీద గులాబీలు నీడలతో సహా ఉబ్బెత్తుగా కనిపించేవి. కాలు పెడితే నలిగిపోతాయేమో అనిపించేలా. అదే కప్పు కింద మన దేశపు బట్టలూ లోహపు పనులూ ఉన్నాయి. వాటిలో పువ్వు బట్ట మీద బట్టలాగే చదునుగా ఉంది. ఈ తేడా జోన్స్‌నూ అతని మిత్రుడు హెన్రీ కోల్‌నూ కదిలించింది. ప్రభుత్వం ఇచ్చిన 5,000 పౌండ్లతో ఆ ప్రదర్శన నుంచే వస్తువులు ఎంచి కొన్నారు. వాటితో 1852లో డిజైను విద్యార్థుల కోసం ఒక మ్యూజియం తెరిచారు. తప్పుడు నగిషీలకు ఉదాహరణలుగా కొన్ని వస్తువుల్ని ఒక గదిలో విడిగా పెట్టారు కూడా. ఆ మ్యూజియమే పెరిగి సౌత్ కెన్సింగ్టన్‌కు మారి, 1899లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ అనే పేరు తెచ్చుకుంది.

తాను నేర్చినదంతా జోన్స్ 1856లో ‘ది గ్రామర్ ఆఫ్ ఆర్నమెంట్’ అనే పెద్ద పుస్తకంలో పెట్టాడు. 37 సూత్రాలు, 100 రంగుల ఫలకాలు. ఆకారం ముందు, అలంకరణ తర్వాత. అలంకరణ కోసమని ఆకారాన్ని సృష్టించకూడదు అన్నది అందులో గుండెకాయ లాంటి మాట. నేను ఆ పుస్తకానికి ఎంతో రుణపడ్డాను. అయినా ఆ ఫలకాల్లో ఒక లోటుంది. ఈజిప్టు నుంచి చైనా దాకా నగిషీలన్నీ వస్తువుల నుంచి ఊడదీసి, తెల్ల కాగితం మీద వరసలు వరసలుగా సర్ది ఉంటాయి. మన లోహపు పనులకూ ఒక ఫలకం ఉంది. ఆ పువ్వు గిన్నె మెడ మీదదా, పొట్ట మీదదా అన్నది కాగితం మీద తెలియదు.

అది తెలుసుకోవాలంటే హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లి బిద్రీ హుక్కా బుడ్డి ముందు నిలబడాలి. గుండ్రటి పొట్ట, సన్నటి మెడ. పొట్ట దగ్గర విప్పారిన పూల మొక్క పైకి పోయేకొద్దీ ఇరుకు కావాలి. ఆ ఇరుకులో కూడా కిక్కిరిసినట్టు ఉండకూడదు. దీన్ని కాగితం మీద గీయబోతే మొదట లొంగదు. బుడ్డిని నిలువుగా ఎన్ని భాగాలు చేశారో లెక్కబెట్టి, ఆ గీతలు వేసుకున్నాకే పువ్వు దారిలోకి వస్తుంది. బిద్రీ లోహంలో ఎక్కువ భాగం జింకు, కొంచెం రాగి. పోతపోసిన వస్తువు మీద ఉలితో చెక్కి, ఆ గాడిలో వెండి తీగనో రేకునో కొట్టి కూర్చి, చివర బీదరు కోట మట్టిలో నవాసారం కలిపి రుద్దుతారు. జింకు నల్లబడుతుంది, వెండి తెల్లగానే నిలుస్తుంది. తీగతో చేసిన గీతకు ఒక సన్నదనం, రేకుతో చేసిన ఆకుకు ఒక వెడల్పు ఎందుకొచ్చాయో అప్పుడు అర్థమవుతుంది.

జోన్స్ తర్వాతి తరంలో ఇంగ్లిష్ డిజైనర్ విలియం మోరిస్ ఈ చదువును ఇంకా లోతుకు తీసుకెళ్లాడు. సౌత్ కెన్సింగ్టన్‌లో పాత బట్టల్ని చూసి ఊరుకోలేదు. వాటి రంగులు ఎలా పుట్టాయో చేతులు ముంచి తెలుసుకున్నాడు. 1881లో మెర్టన్ ఆబీలో సొంత అద్దకశాల పెట్టాడు. 1883 నాటి అతని ‘స్ట్రాబెర్రీ థీఫ్’ బట్టంతా ముందు నీలిమందులో ముంచినదే. కావలసిన చోట నీలాన్ని తీసేసి, ఆ ఖాళీల్లో ఎరుపు, పసుపు అద్దారు. పండ్లు దొంగిలించే పిట్టలు తన ఇంటి తోటలోవి. ఆ నీలపు నేల, అద్దకపు పద్ధతి పాత బట్టలు నేర్పినవి. పువ్వును కాపీ కొట్టకుండా పనిని నేర్చుకోవడం అంటే నా దృష్టిలో ఇదే.

1893లో సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియం ఇరాన్‌కు చెందిన అర్దబీల్ తివాచీని కొన్నప్పుడు, కొనమని గట్టిగా చెప్పినవాళ్లలో మోరిస్ ఒకడు. తివాచీలోనే నేసిన తేదీ హిజ్రీ 946, అంటే 1539–40. నడిమి పతకాన్ని నాలుగు ముక్కలు చేస్తే ఎంతో, నాలుగు మూలల్లో అంతంత ముక్క ఉంటుంది. దాంతో తివాచీ అంచు దాటి కూడా ఆ వరస సాగిపోతున్నట్టు తోస్తుంది. ఇది జంటలో ఒకటి. రెండోదాని ముక్కలు తీసి దీన్ని బాగుచేశారు. అంచు పోగొట్టుకున్న ఆ రెండోది ఇప్పుడు లాస్ ఏంజిలిస్‌లో ఉంది. నడిమి భాగం ఎంత గొప్పదైనా, అంచు లేకపోతే తివాచీ ఎక్కడ ముగుస్తుందో చెప్పేదే ఉండదు.

సరిగ్గా ఆ ఏడే వియన్నాలో ఇంకో పని జరిగింది. అక్కడి మ్యూజియంలో బట్టల విభాగం చూసుకునే అలోయిస్ రీగల్ 1893లో ఒక గ్రంథం అచ్చువేశాడు. ఈజిప్టు తామర గ్రీకుల చేతిలో ఎలా మారింది, ఆ గ్రీకు తీగ ఇస్లామిక్ అల్లికల దాకా ఎలా నడిచింది అని వరస పేర్చి చూపించాడు. నగిషీ తోటలోంచి నేరుగా రాదు, ఎక్కువగా ముందటి నగిషీలోంచి పుడుతుంది అన్నది అతని వాదన. కశ్మీరు శాలువలను కాలక్రమంలో చూస్తే ఈ మాట రుజువవుతుంది. 17వ శతాబ్దంలో వాటి మీది నమూనా విడివిడిగా నిలిచిన పూల మొక్క. తర్వాత గుత్తిగా చిక్కబడింది, కొన ఒక పక్కకు వంగింది, చుట్టూ గీత బిగుసుకుంది. చివరికి మనం మామిడి పిందె అనుకునే ఆకారమైంది. 19వ శతాబ్దంలో స్కాట్లండ్ మగ్గాలు దాన్నే నేసి అమ్ముకున్నాయి. ఒక్క శాలువ చూస్తే పిందె మాత్రమే కనిపిస్తుంది. వరసగా చూస్తే ఎన్ని చేతులు మారి వచ్చిందో కనిపిస్తుంది.

ఈ చదువులో మన తీరానికి సొంత అధ్యాయం ఉంది. ఇంగ్లిష్ కంపెనీ 1611లో మచిలీపట్నంలో దిగింది. కోరమాండల్ తీరపు పూల చెట్టు దుప్పట్లు యూరప్ పడకగదుల్ని ఏలాయి. ఫ్రాన్స్ 1686లో, ఇంగ్లండ్ 1700లో, మళ్లీ 1721లో చట్టాలు చేసి మరీ ఇలాంటి బట్టల్ని అడ్డుకున్నాయి. ఆ చెట్టు అచ్చంగా మనదీ కాదు, వాళ్లదీ కాదు. 1643లోనే కంపెనీ లండన్ పెద్దలు సూరత్‌కు ఉత్తరం రాసి, ఎర్ర నేల తగ్గించి తెల్ల నేల మీద పూలు వేయించమని కోరారు. చెట్టు మొదట్లో ఉన్న గుట్టల్లో చైనా ఛాయ ఉంది, కొమ్మల వంపులో ఇరాన్ ఉంది. వీటన్నిటినీ ఒక్కటి చేసింది మాత్రం కరక్కాయ, పాలు పట్టించిన నూలు బట్ట మీద మన అద్దకపు పనివాళ్ల చేయి.

ఈ దుప్పట్లలో ఆకులు చాలాచోట్ల నీలంగా ఉంటాయి. ఫొటో చూసి గీసేవాళ్లు ఆ నీలం ఆకుల్నే దించుకుంటారు. దగ్గరగా చూస్తే ఆకు ఈనెల సందుల్లో అక్కడక్కడా లేత పసుపు చాయ మిగిలి ఉంటుంది. ఎర్రకు పటిక, నల్లకు ఇనుము పట్టించి మొక్క వేళ్ల రంగులో ఉడికిస్తే ఆ రంగులు బట్టలో స్థిరపడతాయి. నీలానికి బట్టంతా మైనంతో కప్పి, కావలసిన చోటే వదిలి ముంచుతారు. ఆకుపచ్చకు వేరే రంగు లేదు. నీలం మీద పసుపు పూయాలి. పసుపు నిలవదు, ఎండకు ఎగిరిపోతుంది. మూడొందల ఏళ్ల తర్వాత నీలం మిగిలింది. అద్దకపు పనివాళ్లు గీసింది పచ్చటి చెట్టు.

అయితే వస్తువును చూడటమంతా మంచికే జరగలేదు. 1866లో బ్రిటిష్ అధికారి ఫోర్బ్స్ వాట్సన్ మన దేశపు బట్టల్ని ముక్కలు చేసి, 700 నమూనాలతో 18 సంపుటాలు కట్టించాడు. అలాంటివి 20 సెట్లు. చాలా సెట్లు బ్రిటన్ పారిశ్రామిక పట్టణాలకు వెళ్లాయి. మనవాళ్లు ఏ తలపాగా చుడతారో, ఏ అంచు చీర కడతారో చూసి, అలాంటివే యంత్రం మీద నేసి మనకే అమ్మడానికి. కొలతలు, బరువులు, ధరలు రాశారు. నేసిన మనిషికి అందులో చోటు లేదు. ఇవాళ పెడన అచ్చులనూ శ్రీకాళహస్తి కలం గీతలనూ స్కాన్ చేసి పాలిస్టర్ మీద ముద్రించి కలంకారీ అని అమ్మేవాళ్లు అదే దారిలో నడుస్తున్నారు. డిజైనర్లుగా మనం ఎటువైపు ఉన్నామో తేల్చుకోవాలి. పనిని అర్థం చేసుకున్నవాళ్లకు ఆ పనివాడి శ్రమ విలువ తెలుస్తుంది. బొమ్మను ఎత్తుకుపోయినవాళ్లకు తెలియదు.

అందుకే నా దగ్గరికి వచ్చే పిల్లలకు ఒక వరస చెబుతాను. ఒక పూట, ఒకే వస్తువు. ముందు దాని ఆకారం గీయండి. తర్వాత నమూనా ఎక్కడ మొదలై ఎక్కడ తిరిగి వస్తుందో పట్టుకోండి. ఆ తర్వాత మూల, మెడ, చివర, అంటే ఇబ్బంది పెట్టే చోట్లు. పువ్వు అన్నిటికంటే ఆఖరున. ఇంటికెళ్లి నోటుబుక్కు మూసి, ఆ సూత్రంతో మీ సొంత పువ్వు వేయండి.

మ్యూజియాల వారికీ ఒక మనవి. గీసుకోవాలని వచ్చిన విద్యార్థికి చిన్న స్టూలు ఇవ్వండి, తరిమేయకండి. బట్టలకు వెనక వైపు కూడా ఎప్పుడైనా చూపించండి. నేత రహస్యం అక్కడే ఉంటుంది. పేరు తెలియకపోయినా, ఏ పనివాళ్లు ఏ పద్ధతిలో చేశారో పలకల మీద రాయండి. మన డిజైను కాలేజీలు నెలకో తరగతి ఈ వస్తువుల ముందు పెట్టగలిగితే, రేపటి చీర అంచులు ఇంకొకరి ఫోను లోంచి కాకుండా మన పిల్లల లెక్కలోంచి, చేతిలోంచి వస్తాయి.