పాట విన్నవాళ్ల చరిత్ర

గోరటి వెంకన్న ‘పల్లె కన్నీరు పెడుతుందో’ మీద వ్యాసాలు చాలా వచ్చాయి. ఎక్కువ భాగం పాటలో ఏముందో చెప్పినవే. ఈ పుస్తకం రాసిన, ఉస్మానియాలో చదువుకున్న అమ్మాయి మాత్రం ఆ పాట విన్నవాళ్ల దగ్గరికి వెళ్లింది. తార్నాకలో అద్దె గదులు తీసుకుని ఉద్యోగాలకు చదివినవాళ్లు, హాస్టళ్ల పాత విద్యార్థులు, మాణికేశ్వర్‌నగర్ ఆడవాళ్లు, వీళ్ల నోట ఆ పాట ఎట్లా నిలిచిందో ఓపికగా రాసుకొచ్చింది. చేతిప్రతి పట్టుకుంటే వదలబుద్ధి కాలేదు. ఇటువంటి పని ఎప్పుడో జరగాల్సింది.

మా క్యాంపస్‌కు పల్లెపాట కొత్త కాదు. బిరుదురాజు రామరాజు గారు తెలుగు జానపద గేయ సాహిత్యం మీద ఇక్కడే పరిశోధన చేసి 1956లో డాక్టరేటు అందుకున్నారు. ఆ తర్వాత నాయని కృష్ణకుమారి గారు జానపద గేయగాథల మీద పనిచేశారు. వాళ్లు సేకరించిన పాటల్లో చాలావాటికి కర్త తెలియదు. వెంకన్న పాటకు కర్త ఉన్నాడు, ఊరూ ఉంది: పాలమూరు వైపు గౌరారం. అయినా కొన్నేళ్లలోనే జనం దాన్ని తాతలనాటి పాటలా తమ సొంతం చేసుకున్నారు. అదెట్లా జరిగిందన్నదే ఈ పుస్తకానికి ప్రాణం.

ఆ పాట వచ్చిన కాలాన్ని మరవకూడదు. 1991 తర్వాత మార్కెట్లు తెరుచుకున్నాయి. 1997–98లో వరంగల్ పత్తిరైతులు పురుగుమందు తాగి చచ్చిపోయారు. పాలమూరు కూలీలు మేస్త్రీల వెంట దేశమంతా తిరిగారు. కుమ్మరి, కమ్మరి, సాలె, ఒక్కొక్క కులవృత్తి ఆగిపోవడాన్ని వెంకన్న ఇంటింటికీ తిరిగి చూపించినట్టు పాట కట్టాడు. క్యాంపస్ పిల్లల్లో చాలామంది ఆ ఇళ్లలోంచే వచ్చారు. ఊళ్లో తండ్రి మగ్గం మూలన పడింది, కొడుకు తార్నాకలో గ్రూప్స్‌కు చదువుతున్నాడు. వాడికి ఆ పాట సాహిత్యం కాదు, ఇంటి సంగతి. అమెరికాలో వుడీ గత్రీ కూడా పొలాలు ధూళైపోయి వలసపోయిన రైతుల మీద పాటలు కట్టి 1940లో ఆల్బమ్‌గా తెచ్చాడు. ఆ రైతులకూ అట్లాగే వినపడి ఉంటుంది.

ఒకచోట నాకు రచయిత్రితో పేచీ ఉంది. 2002లో ‘కుబుసం’ సినిమాలో వందేమాతరం శ్రీనివాస్ పాడాకే పాట ఇల్లిల్లూ చేరిందని ఆమె వాదన. కోస్తా జిల్లాల సంగతైతే ఒప్పుకుంటాను. శ్రీనివాస్ గొంతులో ఆర్తి ఉంది, కాదనను. కానీ క్యాంపస్‌లో నిలిచింది వెంకన్న నోటి పాట. ఆయన పాడుతుంటే కాళ్లూ చేతులూ ఊపిరీ పాటలోకి దిగుతాయి. చరణం మధ్యలో ఆగి జనం ముఖాలు చూస్తాడు, మళ్లీ అందుకుంటాడు. స్టూడియో రికార్డింగులో అది పట్టదు. ఆయన ‘వల్లంకి తాళం’కు 2021లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. విద్యార్థులు అంతకు చాలా ముందే ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు.

పుస్తకంలో నాకు అన్నిటికంటే నచ్చింది తెలంగాణ ఉద్యమ కాలపు అధ్యాయం. ప్రపంచీకరణ మీద రాసిన పాట 2009 డిసెంబరు తర్వాత ఆర్ట్స్ కాలేజీ ముందు గుమిగూడిన పిల్లలకు ప్రత్యేక రాష్ట్రపు పాటగా వినపడింది. ఒక్క మాట మారలేదు, విన్నవాళ్ల కోపం మాత్రం వేరే దారి పట్టింది. ఆ మలుపును ఇంత నిజాయితీగా, ఎవరినీ మెప్పించాలని చూడకుండా రాసినందుకు ఈ చిరంజీవిని మనసారా ఆశీర్వదిస్తున్నాను.

ఇక ఒక పని అప్పగిస్తాను. ఈ పరిశోధన కోసం సేకరించిన క్యాసెట్లు బూజు పట్టకముందే డిజిటల్ చేయించి, ప్రతులు విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఇవ్వాలి. తర్వాతి పుస్తకం 1999లో హత్యకు గురైన గాయని బెల్లి లలిత మీద రాయాలి. ఆమె పాటలు విన్న ఆడవాళ్లు భువనగిరి వైపు ఇంకా ఉన్నారు. వాళ్ల దగ్గరికి త్వరగా వెళ్లు, తల్లీ.