చివరి పేరు దాకా

అమెరికాలో గ్రాడ్యుయేషన్ వేడుకకు వెళ్తే చాలాచోట్ల మైకులో ఒక విన్నపం వినిపిస్తుంది: పేర్లన్నీ చదవడం అయ్యేదాకా చప్పట్లు కొట్టకండి. మూడో పేరుకే ఏ మూల నుంచో ఒక తల్లి కేక వేస్తుంది. ఇక ఎవరూ ఆగరు.

ఆ కేకలకు శిక్షలు వేసిన బడులూ ఉన్నాయి. ఇల్లినాయ్‌లోని గేల్స్‌బర్గ్ హైస్కూల్ 2007లో, తమవాళ్లు అరిచారన్న కారణంగా ఐదుగురు పిల్లల డిప్లొమాలు ఆపేసింది. 2015లో మిసిసిపీలోని సెనటోబియాలోనైతే అరిచిన బంధువుల మీద శాంతిభంగం కేసులే పెట్టారు, తర్వాత ఉపసంహరించుకున్నారు. నాకు ఆ కోపం ఇంకా చల్లారలేదు. కన్నబిడ్డ వేదికెక్కితే నోరు కట్టేసుకోమంటే ఎలా?

అయినా ఆ విన్నపంలో న్యాయముంది. మా అక్క కూతురు ఎం.ఎస్. పట్టా తీసుకున్నప్పుడు దగ్గరుండి చూశాను. వేదిక మెట్ల దగ్గర ప్రతి ఒక్కరి చేతిలో ఒక కార్డు. దాని మీద పేరు, కింద అది ఎలా పలకాలో ముక్కలు ముక్కలుగా విడగొట్టి రాసుకుంటారు. మన ఇంటిపేర్లు పేర్లు చదివే ప్రొఫెసర్లకు కొరుకుడు పడవు కదా. ఆ రోజు చదివే ప్రొఫెసర్ మా పిల్ల కార్డు అందుకుని, ఒకసారి పెదాలతో పలికి చూసుకుని, అప్పుడు మైకులో చదివాడు. సరిగ్గా అప్పుడే ముందు వెళ్లిన అబ్బాయి బలగం ఎయిర్‌హారన్ మోగించింది. పలమనేరు నుంచి అంతదూరం వచ్చిన అక్క, "ఏరా, పిలిచేశారా?" అంది. వీసా రాక ఆగిపోయిన బావ అక్కడ అర్ధరాత్రి యూట్యూబ్‌లో చూస్తున్నాడు. ఆయనకూ ఆ మోతే వినబడింది.

అరవండి, ఈల వేయండి, బిడ్డ పేరు గొంతెత్తి పిలవండి. తర్వాతి కార్డు మైకు చేరేలోపు ఆపేయండి. బూరలూ హారన్లూ మాత్రం తేవద్దు.

అరుపులకన్నా నన్ను బాధించేది ఇంకొకటుంది. తమ పిల్ల మెట్లు దిగగానే కుటుంబం మొత్తం లేచి వెళ్లిపోవడం. ఇంగ్లిష్ అక్షరక్రమంలో పిలిచేచోట మన యార్లగడ్డలు, యలమంచిలివాళ్లు వచ్చేసరికి సగం కుర్చీలు ఖాళీ. వాళ్లూ అన్నేళ్లు చదివినవాళ్లే, అంతే అప్పు చేసినవాళ్లే. ఆ రోజు చివర్లో వచ్చిన ఇద్దరు మన పిల్లల తరఫున హాల్లో ఒక్కరూ లేరు. వాళ్లకూ ఈల వేయమని అక్క నా భుజం తట్టింది. వేశాను, తర్వాతి పేరుకు అడ్డం రాకుండా.